బెడ్‌రూమ్ లైటుకి మూడు స్విచ్‌లు, మంచం పక్కన ఒక సాకెట్టు: మా వీధి ఎలక్ట్రీషియన్ పని ఎలా ఉందంటే

రాత్రి ఛార్జింగ్‌కి పెట్టిన ఫోను పొద్దున చూస్తే 12 శాతం. మర్నాడు ఫుల్. రెండు నెలలు ఫోన్నే తిట్టుకున్నాను, ఛార్జరు కూడా మార్చాను.

అంతకుముందు యాప్‌లో బుక్ చేస్తే ఒకతను వచ్చి మంచం పక్కన టూ వే స్విచ్చు (ఒకే లైటుని రెండు చోట్ల నుంచి వేసి ఆర్పేది), దాని కిందే 6 యాంపుల సాకెట్టు పెట్టి గంటన్నరలో వెళ్లిపోయాడు. లైటు తలుపు దగ్గరా మంచం దగ్గరా చక్కగా వెలిగేది, అందుకే వైరింగ్ మీద అనుమానమే రాలేదు.

ఈసారి బెంగళూరు జేపీ నగర్‌లో మా వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులో అడిగితే వాళ్లు పంపినాయన కోలారు వైపు మనిషి, తెలుగూ కన్నడా కలిపి మాట్లాడతారు. పది గంటలకన్నాయన పదకొండున్నరకి వచ్చారు, అది వేరే సంగతి. సాకెట్టులో టెస్టర్ పెట్టి, నన్ను తలుపు దగ్గర స్విచ్ వేసి తీయమన్నారు. టెస్టర్ వెలుగుతోంది, ఆరుతోంది. "చూడండి సార్, దీనికి సొంత ఫేజు లేదు" అన్నారు. ఫేజంటే కరెంటు తెచ్చే వైరు.

మెయిన్‌లో ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించి బాక్సు విప్పితే తెలిసింది. టూ వేలో రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లు తిరుగుతాయి, తలుపు దగ్గర స్విచ్ ఎటుంటే ఆ వైరులోనే కరెంటు. మొదటతను అందులో ఒక వైరు నుంచే సాకెట్టుకి ఫేజు ఇచ్చేశాడు. అంటే తలుపు స్విచ్ ఒకవైపుంటే ఛార్జింగ్, రెండోవైపుంటే లేదు, లైటు వెలిగినా ఆరినా సంబంధం లేదు! ఎర్త్ అయితే అసలు కలపనే లేదు, ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జివ్వుమనేది అందుకేనట.

తలుపు బోర్డు నుంచి పాత పైపులోనే సాకెట్టుకి విడిగా ఫేజు, న్యూట్రల్, ఎర్త్ లాగారు. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు చాలదా అంటే, "లైటుకి చాలు సార్, రేపు మీరు ఇక్కడే ఇస్త్రీ పెట్టె పెడతారు, 2.5 వేద్దాం" అన్నారు. హీటరు మాత్రం వద్దన్నారు.

బాత్రూమ్ తలుపు దగ్గర కూడా అదే లైటుకి మూడో స్విచ్ అడిగాను. దానికి రెండు టూ వేల మధ్యలో నాలుగు టెర్మినళ్ల ఇంటర్మీడియట్ స్విచ్ పడాలి, వాళ్ల షాపులో లేదు. శనివారం చిక్కపేటలో మెట్రో దిగి ఎలక్ట్రికల్ షాపులుండే ఎస్పీ రోడ్డుకి నడిచాను, మూడో షాపులో దొరికింది. ఆదివారం ఆయనే వచ్చి బిగించి, మూడు చోట్లా నాచేతే వేయించి చూపించాకే డబ్బు తీసుకున్నారు. రెండు రోజులకీ లేబరు 1,400. బిల్లు ఇవ్వలేదు, గోడ తొలిచిన దుమ్ము నేనే ఊడ్చుకున్నాను.

అన్నట్టు, ఎస్పీ రోడ్డుకి వెళ్లేముందు మీ పాత స్విచ్ ప్లేటు ఫొటో తీసుకెళ్లండి. నేను మర్చిపోయాను. బాత్రూమ్ దగ్గరది తెలుపు, మిగతావి ఐవరీ. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ మా అమ్మ దాన్నే చూపిస్తోంది.