బోన్‌లో దిగాలా, కోల్మార్‌లోనా? ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో మూడు రోజులకు ఏది మేలు?

పారిస్ చూశాక మూడు రోజులు మిగిలితే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. వైన్ సంగతి లోతుగా తెలుసుకోవాలనా, అందమైన ఊళ్లు తిరుగుతూ నడుమ కాస్త రుచి చూడాలనా? మొదటిదైతే బర్గండీలోని బోన్, రెండోదైతే అల్సాస్‌లోని కోల్మార్. పిల్లలు, మందు ముట్టని పెద్దలు వెంట ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, కోల్మారే.

రెండింటికీ రైలుంది. బోన్‌కు దిజోన్‌లో మారాలి, మొత్తం రెండు గంటల పైచిలుకు. కోల్మార్‌కు పారిస్‌లోని గార్ ద లెస్త్ స్టేషన్ నుంచి సుమారు రెండు గంటల ఇరవై నిమిషాలు. కారు తీసుకోకపోవడమే మంచిది: రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములకు చేరితే నేరం. రెండు మూడు చోట్ల రుచి చూశారంటే ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే.

బోన్‌లో అసలు పాఠం సైకిల్ మీదే. ఊరి నుంచి సాంతెనె వరకు తోటల మధ్యగా దాదాపు 22 కిలోమీటర్ల దారి. పొమార్, వోల్నె, మెర్సో అనే ఊళ్లు వరసగా తగులుతాయి. దారంతా ఒకవైపు గట్టు, ఒకవైపు పల్లం. గట్టు నడుమ భాగంలో సున్నపురాయి నేల నీళ్లు నిలవనివ్వదు, ఎండ బాగా తగులుతుంది. పేరున్న తోటలన్నీ అక్కడే. పల్లంలో మట్టి లోతు, తేమ ఎక్కువ కాబట్టి మామూలు రకం వైన్. రోడ్డు దాటితే సీసా ధర ఎందుకు మారిపోతుందో కళ్లారా చూడొచ్చు. వోల్నె దగ్గర ఎత్తుపల్లాలున్నాయి, బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకోండి. అలసిపోతే సాంతెనె దగ్గరి షాన్యి స్టేషన్‌లో రైలెక్కి తిరిగి రావచ్చు. ఊళ్లో 1443లో స్థాపించిన ధర్మాసుపత్రి ఒతెల్ ద్యూ, దాని రంగుల పెంకుల కప్పు తప్పక చూడాలి.

బోన్‌లో దెబ్బతినేది అపాయింట్‌మెంట్ దగ్గర. చిన్న రైతులు వారాల ముందే మెయిల్ పెడితేగానీ తలుపు తీయరు. సెప్టెంబర్ కోతల్లో అసలు తీరికుండదు. అప్పుడు ఊళ్లోని పెద్ద వ్యాపారుల సెల్లార్లే (వైన్ నిల్వ ఉంచే గదులు) దిక్కు, రుసుము కట్టాలి.

అల్సాస్‌లో ఆ ఇబ్బంది తక్కువ. ఎగిషైమ్, రిక్‌విర్ లాంటి ఊళ్లలో సెల్లార్లు వీధిలోనే ఉంటాయి, నేరుగా వెళ్లొచ్చు. నచ్చితే ఒక సీసా కొనడం మర్యాద. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా చాలావరకు మూసేస్తారు. లేబుల్ మీద రీస్లింగ్, గెవుర్త్స్‌ట్రామినెర్ అని ద్రాక్ష పేరే ఉంటుంది గనుక కొత్తవాళ్లకు సులువు. బర్గండీలో తోట పేరో ఊరి పేరో తప్ప ద్రాక్ష పేరు అరుదు. తీపి వద్దనుకుంటే ‘సెక్’ అని అడగండి. ఎగిషైమ్ కోల్మార్‌కు ఏడు కిలోమీటర్లే, సైకిల్ చాలు. రిక్‌విర్‌కు బస్సుంది, ఆదివారం మాత్రం నమ్ముకోవద్దు. ఆ రోజు ఉంటర్‌లిండెన్ మ్యూజియానికి ఇవ్వండి. గ్రూనెవాల్ట్ చిత్రించిన ఇసెన్‌హైమ్ బలిపీఠం (చర్చి పీఠం మీద నిలిపే చిత్రాల పలకలు) ముందు ఒక గంట ఇట్టే గడిచిపోతుంది.

శాకాహారులకు రెండుచోట్లా జాగ్రత్త అవసరం. అల్సాస్ పల్చటి రొట్టె తార్త్ ఫ్లాంబేలో పంది మాంసం ముక్కలు వేస్తారు, ‘సాన్ లార్దోన్’ అంటే తీసేసి చేస్తారు.

ఇంటికి తెచ్చుకునేవాళ్లకు: భారత కస్టమ్స్ మనిషికి రెండు లీటర్లే సుంకం లేకుండా వదులుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాలైతే రెండే, మూడోది పరిమితి దాటుతుంది. అల్సాస్ సీసా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మామూలు వైన్ పెట్టెలో పట్టకపోవచ్చు, కొన్నచోటే దానికి సరిపడే పెట్టె అడిగి తీసుకోండి.