"క్రూజ్ అప్రూవ్డ్" అని అమ్ముతున్న ఆ పవర్ స్ట్రిప్ కొనకండి, అందులో సర్జ్ ప్రొటెక్టర్ ఉంది

టెక్సస్‌లోని గాల్వెస్టన్ పోర్టు నుంచి క్రూజ్ బుక్ చేసుకున్న హ్యూస్టన్, డల్లాస్ వాళ్లందరూ ఇది చదవండి. స్ప్రింగ్ బ్రేక్ ముందు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ "క్రూజ్ ఫ్యామిలీ కిట్" గురించే చెప్తున్నా. లింకు మీ అందరి దగ్గరా ఉంది, అమ్మేది ఎవరో కూడా మీకు తెలుసు, పేరు రాయను. అయస్కాంతం హుక్కులు, కార్డు తగిలించుకునే మెడతాళ్లు, లగేజీ ట్యాగ్ కవర్లు, వాటితో పాటు నాలుగు ప్లగ్గులు, మూడు యూఎస్‌బీ పోర్టులు ఉన్న తెల్ల పవర్ స్ట్రిప్. మొత్తం 39 డాలర్లు. లిస్టింగ్‌లో ఇంత పెద్ద అక్షరాలతో "క్రూజ్ అప్రూవ్డ్, నో సర్జ్" అని ఉంది. అంటే వోల్టేజ్ ఒక్కసారిగా పెరిగితే వస్తువుల్ని కాపాడే సర్జ్ ప్రొటెక్టర్, ఓడల్లో ఒప్పుకోనిది, ఇందులో లేదని.

నేనూ ఆ కిట్ కొని ఓడ ఎక్కితే, స్ట్రిప్ పెట్టిన నా సూట్‌కేస్ క్యాబిన్‌కి రాలేదు. ఎక్స్‌రేలో కనిపించి పక్కన పెట్టేశారు. సెక్యూరిటీ డెస్క్ దగ్గరికి పిలిపించి, పెట్టె మన చేతే తెరిపించి, స్ట్రిప్‌ని బోర్లా తిప్పి కింద ఉన్న బూడిద రంగు స్టిక్కర్ చూపించారు. చీమ తలకాయంత అక్షరాలు. మొదటి లైన్లో 15 ఆంపియర్లు, 125 వోల్టులు, 1875 వాట్లు. దాని కింద లైన్లో "900 జౌల్స్". అంతే, ఇంకేం మాట్లాడటానికి లేదు. జౌల్స్ అంటే ఎంత సర్జ్‌ని తట్టుకోగలదో చెప్పే లెక్క, ఆ అంకె ఉందంటే అది సర్జ్ ప్రొటెక్టరే. తీసేసుకుని రసీదు ఇచ్చారు, దిగే రోజు తీసుకోమన్నారు. వాళ్ల పని వాళ్లు సరిగ్గా చేశారు, వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు.

కోపం అమ్మినవాళ్ల మీద. స్టిక్కర్ ఫోటో తీసి పంపి, "నో సర్జ్ అని రాశారు, ఇందులో 900 జౌల్స్ సర్జ్ ఉంది, ఇదేంటి" అని అడిగితే వచ్చిన జవాబు ఇదీ: "సర్జ్ ఉంటే ఇంకా సేఫే కదా అన్నా, ఎందుకంత టెన్షన్." వెంటనే ఇంకోటి: "ఓడవాళ్లు తీసుకుంటే మాకేం సంబంధం. సీల్ తీసిన బాక్స్ రిటర్న్ ఉండదు."

డబ్బులు ఇవ్వకపోవడం ఒక సంగతి. కానీ ఆ "ఇంకా సేఫే కదా" అన్న మాట ఉంది చూశారా, దాన్ని అసలు వదలకూడదు. పిల్లలతో, అమ్మానాన్నలతో నడిసముద్రంలో పడుకునే గదిలో పెట్టుకోమని అమ్ముతున్న మనిషి అనాల్సిన మాటేనా అది? ఇంట్లో సేఫ్ అయిన ఆ వస్తువే ఓడలో మంట పెట్టగలదు. ఎందుకో వివరంగా రాస్తున్నా. రేపు ఇంకో సెల్లర్ ఇదే మాట చెప్తే మీరు నమ్మకూడదు.

అమెరికాలో ఇంటి సాకెట్‌కి మూడు తీగలు వస్తాయి. హాట్ (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ), గ్రౌండ్ (ఎర్త్). న్యూట్రల్‌ని మెయిన్ ప్యానెల్ దగ్గరే గ్రౌండ్‌కి కలిపేస్తారు. అందుకని భయపడాల్సింది హాట్ తీగ ఒక్కదానికే. పవర్ స్ట్రిప్ మీద స్విచ్ అయినా, అందులోని చిన్న బ్రేకర్ అయినా ఆ ఒక్క తీగనే తెంపుతుంది, ఇంట్లో అది సరిపోతుంది.

ఓడలో వైరింగ్ సాధారణంగా అలా ఉండదు. సాకెట్‌కి వచ్చే రెండు తీగలూ హాటే. ఏ ఒక్కదాన్నీ ఓడ ఇనుప బాడీకి కలపరు. ఇది కావాలని చేసే ఏర్పాటే. ఎక్కడో ఒక తీగ ఒలిచిపోయి ఇనుముకి తగిలితే ఇంట్లోలాగా బ్రేకర్ పడిపోకూడదు, పడితే సముద్రం మధ్యలో పంపులూ స్టీరింగూ ఆగిపోతాయి. అందుకే మొదటి ఫాల్ట్ వచ్చినా కరెంటు నడుస్తూనే ఉంటుంది, కంట్రోల్ రూమ్‌లో ఇండికేటర్ చూసి ఇంజినీర్లు ఆ ఫాల్ట్ ఎక్కడుందో వెతికి సరిచేస్తారు.

ఇప్పుడు సర్జ్ ప్రొటెక్టర్ సంగతి. దాని లోపల రూపాయి బిళ్లంత చిన్న డిస్కులు ఉంటాయి, నీలంవో పసుపువో. వాటిని ఎమ్‌ఓవీలు అంటారు. హాట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఒకటి, హాట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఇంకొకటి. వోల్టేజ్ హద్దు దాటితే కరెంటుని గ్రౌండ్‌లోకి దారి మళ్లించడం వాటి పని. చవక స్ట్రిప్పుల్లో అన్నీ ఉండకపోవచ్చు, కానీ గ్రౌండ్‌కి కలిపినది ఒక్కటున్నా చాలు. ఓడలో వేరే ఎక్కడో, వంటగదిలోనో లాండ్రీలోనో, ఒక తీగ బాడీకి తగిలిందనుకోండి. ఆ క్షణం నుంచి రెండో తీగకీ ఓడ బాడీకీ మధ్య పూర్తి వోల్టేజ్ నిలబడుతుంది. మీ క్యాబిన్‌లో ఆ స్ట్రిప్ ఆ రెండో తీగని ఎమ్‌ఓవీ మీదుగా ఓడ బాడీకి కలిపి కూర్చుని ఉంది. కరెంటుకి అక్కడ దారి దొరుకుతుంది. ఎమ్‌ఓవీ వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ ఎక్కువ కరెంటుని వదులుతుంది, వదిలేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది.

అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. స్ట్రిప్ స్విచ్ ఆఫ్ చేసి, లైటు ఆరింది కదా అని డెక్ మీదకి వెళ్లిపోతారు. ఆ స్విచ్ ఒక్క తీగనే తెంపింది, రెండోది అలాగే ఉంది. బ్రేకర్ కూడా అంతే. ఎవరూ లేని గదిలో, బల్ల వెనక కర్టెన్ పక్కన, ఆఫ్‌లో ఉన్న స్ట్రిప్ కరిగి అంటుకోవచ్చు. ఇది నా ఊహ కాదు. ఒక ఓడలో దాదాపు ఒకేసారి రెండు గదుల్లో మంటలు వచ్చాక, దానికి ఇలా బయట కొన్న సర్జ్ స్ట్రిప్పులే కారణమని 2013లో అమెరికా కోస్ట్ గార్డ్ సేఫ్టీ అలర్ట్ ఇచ్చింది, నంబరు 03-13. ఈ బిజినెస్ చేసేవాళ్లకి అది తెలియదంటే ఒప్పుకోను.

ఇంకో ముఖ్యమైన మాట. "క్రూజ్ అప్రూవ్డ్" అనే సర్టిఫికెట్ ఏదీ లేదు. కోస్ట్ గార్డ్ ఇవ్వదు, ఎలక్ట్రిక్ వస్తువుల భద్రతని పరీక్షించే యూఎల్ సంస్థ కూడా ఇవ్వదు. అది అమ్మేవాళ్లు సొంతంగా రాసుకున్న మాట. కాబట్టి పై బాక్స్ వదిలేయండి, కింద స్టిక్కర్ చదవండి. జౌల్స్, వీపీఆర్, క్లాంపింగ్ వోల్టేజ్, ఎస్‌పీడీ, యూఎల్ 1449, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది సర్జ్ ప్రొటెక్టర్. "ప్రొటెక్టెడ్" అని రాసి ఉన్న లైటు వెలుగుతున్నా అంతే. యూఎల్ 1363 మాత్రమే ఉంటే అది మామూలు స్ట్రిప్. ఓవర్‌లోడ్ ప్రొటెక్షన్ అని ఒక రీసెట్ బటన్ ఉంటుంది, అది వేరు, లోడు ఎక్కువైతే పడిపోయే బ్రేకర్ అది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. ఆన్‌లైన్‌లో అయితే స్ట్రిప్ అడుగు భాగం ఫోటో అడగండి. ఈ కిట్ లిస్టింగ్‌లో ఎన్నో ఫోటోలు ఉన్నాయి, పై నుంచి, పక్క నుంచి, పెట్టెలో సర్దినట్టు, బల్ల మీద పెట్టినట్టు. అడుగు భాగం ఫోటో ఒక్కటీ లేదు.

సర్జ్ లేని స్ట్రిప్ అయినా అన్ని ఓడల్లో పనికిరాదు. రాయల్ కరేబియన్ వాళ్లు 2024 సెప్టెంబరులో రూల్ మార్చి, మల్టీ ప్లగ్ అవుట్‌లెట్లు మొత్తం నిషేధిత జాబితాలో పెట్టేశారు, సర్జ్ ఉన్నా లేకపోయినా సరే. ఎక్స్‌టెన్షన్ కార్డులు కూడా కుదరవు. కార్నివాల్ సర్జ్ ఉన్నవాటిని ఒప్పుకోదు, లేనివాటిని జాగ్రత్తగా వాడుకోమంటుంది, కానీ సిబ్బందికి ప్రమాదం అనిపిస్తే తీసేస్తారు. గ్రూపుల్లో "మేం పోయినేడు తీసుకెళ్లాం, ఏం అనలేదు" అనే మాట నమ్మకండి. ఎక్కే ముందు వారం మీ ఓడ కంపెనీ నిషేధిత వస్తువుల జాబితా మీరే చూసుకోండి.

మరి నలుగురి ఫోన్లు, వాచీలు, ట్యాబ్, ల్యాప్‌టాప్ ఎలా చార్జ్ చేయాలి అంటారా? ప్లగ్ రంధ్రాలు లేకుండా యూఎస్‌బీ పోర్టులు మాత్రమే ఉన్న చార్జర్ ఒక్కటి చాలు. సూటిగా గోడలోకి గుచ్చేది, 65 వాట్ల గ్యాన్ (GaN, చిన్న సైజులో ఎక్కువ పవర్ ఇచ్చే రకం) చార్జర్, రెండు టైప్ సీ, రెండు టైప్ ఏ పోర్టులు ఉన్నది. 65 అనేది మొత్తం, పోర్టుకి 65 కాదు. ల్యాప్‌టాప్ ఒకటీ ఫోన్ ఒకటీ పెడితే ఒకదానికి 45, ఇంకోదానికి 20 వాట్లు వస్తాయి. నాలుగూ నింపితే చాలా మోడళ్లలో రెండు టైప్ ఏ పోర్టులు కలిసి 15 వాట్లు పంచుకుంటాయి. కొత్తగా ఒకటి గుచ్చినప్పుడల్లా మిగతావి ఒక్క సెకను ఆగి మళ్లీ మొదలవుతాయి, పాడైందని అనుకోకండి. 5000 ఎమ్ఏహెచ్ ఫోన్ బ్యాటరీ అంటే సుమారు 19 వాట్ అవర్లు. చార్జింగ్‌లో పోయేది కలుపుకున్నా 10 వాట్ల పోర్టు మీద రెండున్నర, మూడు గంటల్లో నిండుతుంది. రాత్రంతా ఉంది కదా. ఫాస్ట్ చార్జర్లు ఒక్కొక్కరికి ఒకటి మోసుకెళ్లాల్సిన పని లేదు.

చాలా క్యాబిన్లలో బల్ల దగ్గర అమెరికన్ సాకెట్ పక్కనే గుండ్రటి రెండు రంధ్రాల యూరప్ సాకెట్ ఉంటుంది, 220 వోల్టులది. చార్జర్ మీద "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే, ఒక మామూలు సింగిల్ అడాప్టర్ పెట్టి ఆ సాకెట్ కూడా వాడుకోవచ్చు. అడాప్టర్ మీద కూడా సర్జ్ అని లేకుండా చూసుకోండి. జుట్టు స్ట్రెయిటెనర్ లాంటి 120 వోల్టుల వస్తువులు అందులో పెడితే కాలిపోతాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల రెండు పిన్నుల ఫోన్ చార్జర్ ఆ యూరప్ సాకెట్‌లో పట్టొచ్చు, కానీ సాకెట్ గుంటలా లోపలికి ఉంటే చార్జర్ బాడీ అడ్డం వస్తుంది. మూడు పిన్నులదైతే అసలు పట్టదు. బాత్‌రూమ్‌లో షేవర్ సాకెట్‌లో ఫోన్ చార్జర్లు పెట్టకండి, దాని ట్రాన్స్‌ఫార్మర్ 20 నుంచి 50 వోల్ట్ ఆంపియర్లకే, షేవర్‌కీ టూత్‌బ్రష్‌కీ సరిపోయేంత.

కొన్ని ఓడల్లో తలుపు పక్క స్లాట్‌లోంచి గది కీ కార్డు తీస్తే సాకెట్లకీ కరెంటు పోతుంది. చార్జ్‌కి పెట్టి బయటికెళ్లి, తిరిగొచ్చేసరికి ఫోన్ అలాగే ఉంటుంది. మొదటి రోజే మీ గదిలో ఎలా ఉందో చూసుకోండి. మంచం వెనక సాకెట్ ఉందేమో అని ఫర్నిచర్ జరపకండి, గది చూసే స్టీవార్డ్‌ని అడిగితే చెప్తారు.

పవర్ బ్యాంక్ తీసుకెళ్లొచ్చు. పోర్టుకి విమానంలో వచ్చేవాళ్లు దాన్ని చేతి సంచిలోనే పెట్టాలి, 100 వాట్ అవర్ల లోపు ఉండాలి. 20000 ఎమ్ఏహెచ్‌ది 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. కానీ దాన్ని దిండు కింద పెట్టి చార్జ్ చేయకండి, గదిలో మనిషి లేనప్పుడు అస్సలు వద్దు.

నాన్నగారికో అత్తయ్యగారికో నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడటానికి పెట్టుకునే సీప్యాప్ మెషీన్ ఉంటే సాకెట్ మంచానికి అందకపోవచ్చు. దానికోసం స్ట్రిప్ కొనకండి. క్రూజ్ కంపెనీ ప్రత్యేక అవసరాల ఫారంలో ముందే రాస్తే ఎక్స్‌టెన్షన్ కార్డు వాళ్లే ఇస్తారు, వాళ్ల ఓడకి సరిపడేది. అలాగే కెటిల్, ఎలక్ట్రిక్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె సూట్‌కేస్‌లో సర్దకండి, అవీ ఎక్స్‌రే దగ్గరే ఆగిపోతాయి. పెరుగన్నానికి బఫేలో అన్నం, పెరుగు అడిగితే ఇస్తారు.

ఈ కిట్ ఇప్పటికే కొన్నవాళ్లు: స్ట్రిప్ ఓడకి తీసుకెళ్లకండి, ఇంట్లో వాడుకోండి, ఇంట్లో దానికి ఈ ఓడ ప్రమాదం లేదు. హుక్కులు పనికొస్తాయి, చాలా ఓడల్లో క్యాబిన్ గోడలు ఇనుమువే. డబ్బులు కావాలంటే సెల్లర్‌తో వాదించి టైమ్ పాడుచేసుకోవద్దు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి, కారణం "వస్తువు చెప్పినట్టు లేదు" అని పెట్టండి. "నో సర్జ్" అని ఉన్న లిస్టింగ్ స్క్రీన్‌షాట్, స్టిక్కర్ ఫోటో, ఓడవాళ్ల రసీదు, చాట్ మొత్తం జతచేయండి. స్క్రీన్‌షాట్ మాత్రం ఇప్పుడే తీసుకోండి. నేను ఫోటో పంపాక లిస్టింగ్‌లో "నో సర్జ్" అన్న మాట తీసేశారు, "క్రూజ్ అప్రూవ్డ్" మాత్రం అలాగే ఉంచారు.