ఖాళీ పిస్టల్‌తో మూడు వారాలు: విజయనగరంలో ఒక ఎయిర్ పిస్టల్ తరగతి

వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరుపడ్డ కొండవెలగాడ పక్కనే ఉన్నందువల్ల విజయనగరంలో బరువులెత్తడం నేర్పేవారికి కొదవ లేదు గానీ, గురిచూసి కాల్చడం నేర్పేవారిని మాత్రం వెతుక్కోవలసిందే. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక మేడ మీది హాలులో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్పుతున్నారని విని, నలభై రెండేళ్ల వయసులో నెల రోజుల తరగతిలో చేరాను. రుసుము 3,000 రూపాయలు. చేరిన రోజున పరీక్షగా పది పెల్లెట్లు (చిన్న గుళ్లు) కాల్పించి, ఆ తరువాత మూడు వారాల పాటు పెల్లెట్ల డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేస్తారు. “పేలని తుపాకీకి మూడు వేలా బావా?” అని మా బావమరిది నవ్వాడు. మొదటి వారం నాకూ అలాగే అనిపించింది.

పెల్లెట్ లేకుండా గురి చూసి ట్రిగ్గర్ నొక్కే ఈ సాధనను డ్రై ఫైర్ అంటారు. పెల్లెట్ ఉన్నప్పుడు రంధ్రం ఎక్కడ పడిందో చూడాలన్న ఆత్రంతో కన్ను ముందుగానే లక్ష్యం కార్డు మీదికి పరుగెత్తుతుంది, చెయ్యి దాని వెంట వంగుతుంది. చూడడానికి రంధ్రమే లేనప్పుడు, ‘టిక్’మన్న క్షణంలో ముందు సైటు, అంటే గురి కుదుర్చుకోవడానికి గొట్టం చివర ఉండే చిన్న పలక, ఎటు కదిలిందో తెలుస్తుంది. పిస్టల్ మీది రెండు సైట్ల మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు కాబట్టి, వెనుక సైటు గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా పది మీటర్ల అవతల దెబ్బ సుమారు 3 సెంటీమీటర్లు తప్పుతుంది. కార్డు నడుమ ఉండే పది పాయింట్ల వలయం వ్యాసం చూస్తే 11.5 మిల్లీమీటర్లే. సైట్ల వరస చెదరకుండా చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు ఊగితే తప్పేది కూడా ఒక మిల్లీమీటరే. అందుకే ఇక్కడి శిక్షకుడు చెయ్యి వణికిందని ఎవరినీ మందలించరు, సైట్లు చెదిరితే మాత్రం ఊరుకోరు.

మొదటి వారమంతా వట్టి తెల్లగోడ వైపే గురి. రెండో వారంలో ముందు సైటు మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కమంటారు. పోటీ నిబంధనల ప్రకారం ట్రిగ్గర్ బరువు, అంటే అది కదలడానికి వేలు పెట్టాల్సిన ఒత్తిడి, కనీసం 500 గ్రాములుండాలి. ఆ కాస్త బరువును వేలు ఒక్కసారిగా లాగకుండా మెల్లగా పెంచడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. లక్ష్యం కార్డు మూడో వారంలో గాని గోడకెక్కలేదు. ప్రతిసారీ గొట్టం ఖాళీగా ఉందని ఇద్దరు చూసి పైకి చెప్పిన తరువాతే మొదలుపెట్టాలన్న నియమాన్ని ఒక్కరోజు కూడా సడలించకపోవడం నాకు బాగా నచ్చింది.

పలాసలో మా మామగారి జీడితోటలో కోతులను బెదిరించే పాత స్ప్రింగు ఎయిర్ గన్ ఉంది, దానితో ఇంట్లో సాధన చేస్తానంటే శిక్షకుడు వద్దన్నారు. ముందు పెల్లెట్ అడ్డు లేకపోతే పిస్టన్‌ను ఆపే గాలి మెత్త ఏర్పడక అది సిలిండరు చివర నేరుగా గుద్దుకుంటుందని, సీలూ స్ప్రింగూ పాడవుతాయని వివరించారు. డ్రై ఫైర్ ఏర్పాటు ఉన్న పోటీ పిస్టళ్లకు ఆ బాధ లేదు. ఇంటికి మాత్రం లీటరు నీళ్ల సీసాను చేయి చాపి పట్టుకునే పని ఇచ్చారు.

లోపాలు లేకపోలేదు. ఏడుగురికి రెండే పిస్టళ్లు కావడంతో గంట తరగతిలో పావుగంటకు మించి చేతికి రాదు. రెండూ కుడిచేతి గ్రిప్పులే. మాతో చేరిన ఎడమచేతి వాటం అమ్మాయి మణికట్టు నొప్పితో రెండో వారంలోనే మానేసింది. ఆమెకు రుసుములో సగమైనా తిరిగి ఇవ్వకపోవడం అన్యాయం. కరెంటు పోతే ఇన్వర్టరు లేదు.

చేరిన రోజు నూటికి 54 వచ్చిన నాకు నాలుగో వారం చివర 73 వచ్చింది. రెండో నెలకూ డబ్బు కట్టాను, కాకపోతే నలుగురే వచ్చే ఉదయం ఆరు గంటల బ్యాచికి.