వీఏ ఉద్యోగమా, కమ్యూనిటీ కేర్ నెట్‌వర్కా?

అమెరికాలో మాజీ సైనికులకు వైద్యం చేయదలచిన సైకియాట్రిస్టుకు ప్రధానంగా రెండు దారులున్నాయి: వెటరన్స్ అఫైర్స్ శాఖ (వీఏ) ఆసుపత్రిలో ఉద్యోగం, లేదా సొంత క్లినిక్ నడుపుకుంటూనే ఆ శాఖ కమ్యూనిటీ కేర్ నెట్‌వర్క్‌లో (వీఏ తన ఖర్చుతో రోగులను పంపే బయటి వైద్యుల జాబితాలో) చేరడం.

ఉద్యోగంలో జీతం స్థిరం. ఏ ఒక్క రాష్ట్రపు లైసెన్సు ఉన్నా దేశంలోని ఏ వీఏ ఆసుపత్రిలోనైనా పనిచేయవచ్చు.

నెట్‌వర్క్ సంగతి అంత సూటిగా ఉండదు. 2018 నాటి మిషన్ చట్టం ప్రకారం, సగటున 30 నిమిషాల ప్రయాణంలో వీఏ మానసిక వైద్యం అందకపోయినా, 20 రోజుల్లోగా అపాయింట్‌మెంట్ దొరకకపోయినా, రోగి బయటి వైద్యుని వద్దకు వెళ్లవచ్చు. ఆ వైద్యుడు ప్రాంతాన్ని బట్టి, ఈ నెట్‌వర్క్‌ను వీఏ తరఫున నడిపే ఆప్టమ్ లేదా ట్రైవెస్ట్ సంస్థ ద్వారా నమోదు కావాలి. ఫీజు సాధారణంగా మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) రేట్లకు లోబడే ఉంటుంది. అత్యవసర వైద్యం మినహా, వీఏ రెఫరల్ (రోగిని పంపుతూ ఇచ్చే అనుమతి పత్రం) ముందుగా చేతికి రాకుండానే చికిత్స మొదలుపెడితే బిల్లు చెల్లింపు లేకుండా తిరిగివచ్చే ప్రమాదం ఉంది.

అసలు తేడా మందుల చీటీ దగ్గర బయటపడుతుంది. బయటి వైద్యుడు రాసిన అత్యవసర మందును దగ్గరి ఫార్మసీలో 14 రోజులకు మించి ఇవ్వరు. మిగతాది వీఏ ఫార్మసీ నుంచే రావాలి. పనిచేయడానికే వారాలు పట్టే యాంటీడిప్రెసెంట్‌కు (కుంగుబాటు మందుకు) ఇది చిన్న చిక్కు కాదు. లోపలి వైద్యునికి ఈ బెడద లేదు, రోగి పాత రికార్డులూ కళ్ల ముందే ఉంటాయి.

యుద్ధానుభవాలు మనసుపై మిగిల్చే పీటీఎస్‌డీయే (తీవ్ర ఆఘాతం తర్వాత వచ్చే మానసిక రుగ్మతే) ప్రధానంగా చూడాలనుకునేవారికి ఉద్యోగమే మేలని నా అభిప్రాయం. వీఏ ఆసుపత్రికి గంటల దూరంలో ఉన్న పల్లెల్లో మాత్రం, రెఫరల్ కాగితాలతో కుస్తీ పట్టగల సిబ్బంది ఉంటే, నెట్‌వర్క్ వైద్యునిదే పైచేయి.