అద్దెకు తెచ్చిన బొగ్గుల పొయ్యి: కర్నూలులో 45 మందికి మిద్దె మీద విందు

మా చెల్లెలి కూతురికి ఉద్యోగం వచ్చిన సంతోషంలో, సంక్రాంతి తరువాతి ఆదివారం సాయంత్రం మా మిద్దె మీద 45 మంది బంధువులకు బార్బెక్యూ విందు ఇచ్చాము. అందుకోసం కర్నూలు పాతబస్తీలో పెళ్లి సామాన్లు అద్దెకిచ్చే ఒక టెంట్ హౌస్ నుంచి బొగ్గుల పొయ్యి, 40 ఇనుప చువ్వలు, రెండు జాలీలు, 10 కిలోల బొగ్గుల బస్తా తెచ్చుకున్నాము. పొయ్యికి, చువ్వలకు కలిపి ఒక రోజు అద్దె 700 రూపాయలు. అడ్వాన్సుగా కట్టించుకున్న 1,000 రూపాయలు సామాను అప్పజెప్పిన తరువాత తిరిగి ఇస్తారు. పొయ్యి విషయంలో ఆ అంగడిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. బొగ్గుల విషయంలో మాత్రం నాకు బాధ మిగిలింది, అందుకే అంగడి పేరు రాయడం లేదు.

అద్దె పొయ్యి ఎందుకని మొదట ఇంట్లో అందరూ అడిగారు. అంతకు ముందటి ఏడు మా బావ ఆన్‌లైన్‌లో తెప్పించిన గుండ్రటి మడత పొయ్యితో పాతికమందికి విందు చేయబోయి చాలా అవస్థ పడ్డాము. దాని మీద ఒక్కసారికి ఎనిమిది ముక్కలకు మించి పట్టవు. నలుగురున్న ఇంటికి అది చక్కని వస్తువే కానీ, పాతికమంది పళ్లేలు పట్టుకుని నిలబడితే పిల్లలు తినేసరికి పెద్దలకు ఆకలి చచ్చిపోతుంది. బంధువులను పిలిచి ఆకలితో కూర్చోబెట్టడం కంటే పెద్ద తప్పు ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఈ అద్దె పొయ్యి నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, జానెడు లోతు ఉన్న ఇనుప తొట్టి. సాయంత్రాలు బండ్ల మీద సీకు కబాబులు కాల్చేవారు వాడేది ఈ వాటమే. రేకు మందంగా ఉండడం వల్ల మూడు గంటలు మండినా వంగలేదు. అడుగు అంచు వెంబడి వరుసగా ఉన్న రంధ్రాల గుండా గాలి ఆడుతుంది కాబట్టి విసనకర్రతో పెద్దగా పని పడలేదు. పొడవుగా ఉండడంలోని అసలు సుఖం ఏమిటంటే, ఒక కొసన బొగ్గులు రెండు వరుసలుగా, రెండో కొసన పలుచగా పరచి, ఎర్రటి సెగను, సన్నటి సెగను ఒకే పొయ్యిలో ఉంచుకోవచ్చు. ముక్కను ముందు సన్నటి సెగ మీద లోపలిదాకా మగ్గనిచ్చి, చివరలో ఎర్రటి సెగ మీదికి జరిపితే పైన మాడకుండా, లోపల పచ్చి మిగలకుండా వస్తుంది. కాళ్లు మాత్రం మోకాలి ఎత్తుకు కూడా రావు. నాలుగు కాళ్ల కింద ఇటుకలు పేర్చుకునేదాకా మా తమ్ముడు నడుము పట్టుకునే ఉన్నాడు.

చువ్వలు గుండ్రంగా కాక పలకలుగా ఉండడం నాకు బాగా నచ్చింది. గుండ్రటి చువ్వ తిప్పితే ముక్క తిరగదు, చువ్వ ఒక్కటే తిరుగుతుంది. అయితే కొన్నింటికి తుప్పు పట్టి ఉంది. వాటిని చింతపండుతో తోమి, సెగ మీద కాల్చి, సగానికి కోసిన ఉల్లిగడ్డను శనగనూనెలో ముంచి పొడవునా రుద్దాము. జాలీలకూ అదే పని చేశాము. ఉల్లిగడ్డ చుయ్యిమంటూ నల్లగా మారుతున్న కొద్దీ ఇనుము నున్నబడింది, ఆ తరువాత ఒక్క ముక్క కూడా అంటుకోలేదు.

ఇక బొగ్గుల సంగతి. మన సీమలో ఎక్కువగా దొరికేది కంపచెట్ల బొగ్గు. గట్టి కట్టె కాబట్టి నిప్పు చాలాసేపు నిలుస్తుంది, వేడి కూడా బలంగా ఉంటుంది, మాంసం కాల్చడానికి మంచి సరుకు. కానీ మాకిచ్చిన బస్తాలో పైన నిక్షేపంలాంటి గడ్డలు, అడుగున చెమ్మెక్కిన పొడి, సగం కాలిన పుల్లలు ఉన్నాయి. రెండో విడత వేయగానే నిప్పురవ్వలు చిటపటలాడి, కళ్లు మండే పొగ లేచింది. పెద్దమ్మ దగ్గుతూ మెట్లు దిగి కిందికి వెళ్లిపోయింది. మా వీధిలో ఇస్త్రీ బండి ఆయన మూడు కిలోల ఎండు బొగ్గులు ఇచ్చి ఆదుకోకపోతే విందు అక్కడితో ఆగిపోయేది. మరునాడు అడిగితే అంగడి ఆయన, “గోడ పక్కన పెట్టినాము, చెమ్మ పట్టినట్టుంది సార్” అని ఒప్పుకుని 100 రూపాయలు వెనక్కి ఇచ్చాడు. ఒప్పుకోవడం అతని మంచితనమే, కానీ బస్తా కట్టేటప్పుడు చూడవలసిన సంగతి అది. మీరు తీసుకుంటే బస్తాను గోనెపట్టా మీద కుమ్మరింపించి చూడండి. రెండు గడ్డలను తట్టితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే అది పచ్చిదో చెమ్మదో అనుకోవాలి. కిరసనాయిలు పోయకండి, ఆ వాసన ముక్కకు పట్టేస్తుంది. కొబ్బరిపీచు, కర్పూరంతో అంటించి, గడ్డల మీద తెల్లటి బూడిద కమ్మేవరకు అరగంట ఓపిక పట్టాలి. చలిగా ఉందని ఈ పొయ్యిని ఎప్పుడూ మూసిన గదిలోకి తేకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, అది ప్రాణాలు తీస్తుంది.

ఖర్చు తగ్గింది ముఖ్యంగా మాంసం ఎంపికలోనే. కిలో పొట్టేలు మాంసం ధరకు మూడు కిలోలకు పైగా కోడిమాంసం వస్తుంది కనుక పొట్టేలు జోలికే పోలేదు. కోడిని కూడా తోలుతోనే కొట్టించాము. తోలు తీసినదానికంటే ధర తక్కువ, పైగా సెగ మీద ముక్క ఎండిపోకుండా ఆ తోలే కాపాడుతుంది. గిరాకీ ఉండే కనుమను వదిలి ఆదివారం దాకా ఆగినందుకు 10 కిలోలు 2,200 రూపాయలకు వచ్చాయి. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం, శనగనూనె పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాము. 45 మందికి తొందరగా అందడానికి, ఒక్కొక్క విడత ముక్కలను గ్యాసు మీద మూతపెట్టి పది నిమిషాలు మగ్గించి, వెంటనే పొయ్యి మీదికి ఎక్కించాము. సగం ఉడికిన కోడిని పక్కన పెట్టి ఆరబెట్టడం ప్రమాదం. ఎముక పక్కన గుచ్చితే తేటనీరు రావాలి; వంటింటి థర్మామీటరు ఉంటే లోపల 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి.

మాంసం తినని వారికి మొక్కజొన్న కంకులు, బూడిదలో పూడ్చి కాల్చిన గెనుసుగడ్డలు పెట్టాము. చివరికి మాంసం తినేవాళ్లు కూడా గెనుసుగడ్డల కోసమే అడిగారు. అన్నం వండలేదు. సాయంత్రాలు వీధి పక్కన కాల్చి అమ్మే ఒక అక్కతో ముందే చెప్పి 90 జొన్నరొట్టెలు చేయించుకున్నాము, వాటిలోకి ఊరుబిండి మా అమ్మ రోట్లో నూరింది. కోడి, రొట్టెలు, పొయ్యి, బొగ్గులు, మసాలాలు, విస్తర్లు, నీళ్లు అన్నీ కలిపి 6,500 రూపాయలైంది. అదే 45 మందికి కేటరింగ్ వారు పళ్లేనికి 280 రూపాయల చొప్పున అడిగారు, అంటే 12,600.

సామాను తిరిగి ఇచ్చేటప్పుడు చువ్వలు లెక్కపెట్టుకుని, కడిగారా లేదా అని కూడా చూడకుండా అడ్వాన్సు పూర్తిగా చేతిలో పెట్టారు. ఉగాది తరువాత మా తమ్ముడి గృహప్రవేశం అయిన మరుసటి ఆదివారానికి అదే పొయ్యిని మళ్లీ చెప్పి పెట్టాను. బొగ్గులు మాత్రం ఇస్త్రీ బండి ఆయన తెచ్చుకునే చోటి నుంచే తెస్తాను.