బస్సులో బందరు: బస, తీరం, పెడన అద్దకాలు

సముద్రతీర పట్టణమనగానే కిటికీ తెరిస్తే అలలు కనిపించే గదిని ఊహించుకొని మచిలీపట్నం, అంటే బందరు, బయలుదేరేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. బందరు సముద్రానికి ఆనుకొని ఉన్న ఊరు కాదు. బస్టాండు నుంచి మంగినపూడి తీరానికి 11 కిలోమీటర్ల పైనే ఉంటుంది, మధ్యలో చిత్తడి నేలలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు వస్తాయి. కాబట్టి రోజంతా అలల దగ్గరే గడపాలనుకునే దంపతులకు బాపట్ల పక్కన ఉన్న సూర్యలంక మేలు. అక్కడ మంచి ఇసుక తీరం ఉంది, దగ్గర్లోనే ఉండడానికి వసతి కూడా ఉంది. బందరుకు సముద్రంతో పాటు ఊరినీ చూడాలనుకునేవారు వెళ్లాలి. మావారు, నేను మాఘమాసం మొదట్లో అలాగే వెళ్లాము, వెళ్లినందుకు ఇద్దరమూ సంతోషించాము.

హైదరాబాదు నుంచి బందరు వెళ్లడానికి దారి కష్టమేమీ లేదు. సూర్యాపేట, కోదాడ, నందిగామ మీదుగా విజయవాడ చేరి, అక్కడి నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి సాగే 65వ నంబరు జాతీయ రహదారి బందరులోనే ముగుస్తుంది. పోయేటప్పుడు రాత్రి నిద్ర కలిసివస్తుందని ఒక ప్రైవేటు ట్రావెల్స్ వారి స్లీపర్ బస్సులో టికెట్లు తీసుకున్నాము. టికెట్టు బందరు వరకు ఇచ్చినా, తెల్లవారకముందే విజయవాడ శివార్లలో అందరినీ దించి, సామానుతో సహా మరో చిన్న వాహనంలోకి ఎక్కించారు. వయసు పైబడినవారు ఆ చీకట్లో పెట్టెలు మోసుకుంటూ రోడ్డు దాటవలసి వచ్చింది. బస్సు మారవలసి ఉంటుందన్న సంగతి టికెట్టు మీద ఎక్కడా లేదు. బందరు వరకు అదే బస్సు వెళుతుందా అని ఎక్కే ముందే ఫోనులో స్పష్టంగా అడిగి తెలుసుకోవడం మంచిది. లేదా విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ వరకు వచ్చి, అక్కడ ఆర్టీసీ బస్సు పట్టుకోవడం ఇంకా మేలు. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 70 కిలోమీటర్లే, బస్సులు కూడా తరచుగా ఉన్నాయి. ఉయ్యూరు దాటాక రోడ్డుకు రెండు వైపులా చెరకు, వరి, మినుము చేలు, కాలవ గట్లు చూస్తూ పోయే ఆ ప్రయాణాన్ని నిద్రలో పోగొట్టుకోకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం ఉంది. అయితే అది ఆ రాష్ట్ర చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్నవారికే. నా ఆధార్ కార్డులో హైదరాబాదు చిరునామా ఉంది కనుక నేను టికెట్టు తీసుకున్నాను. తెలంగాణ నుంచి వెళ్లే స్త్రీలు ఈ సంగతి గుర్తుంచుకుంటే కండక్టరు దగ్గర వాదన ఉండదు.

బస కోసం మేము కోనేరు సెంటరుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక లాడ్జి ఎంచుకున్నాము. ఏసీ గదికి రోజుకు రెండు వేల లోపే అయింది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కింద కూర్చునే పెద్దాయన అడిగినదానికల్లా ఓపికగా సమాధానం చెప్పాడు. వేడినీళ్లు మాత్రం ఉదయం ఎనిమిదింటి వరకే వచ్చేవి. ఇది డెల్టా ఊరు, చుట్టూ నీళ్లు, కాబట్టి సాయంత్రం కాగానే దోమలు మొదలవుతాయి. మా గది కిటికీకి ఉన్న వల ఒక మూల చిరిగి ఉంది, చెప్పిన తరువాత కూడా బాగు చేయలేదు, ఆలౌట్ తెచ్చి పెట్టి సరిపెట్టారు. గది తీసుకునే ముందు కిటికీ వల, స్నానాల గది చూసుకోవాలి. బజారుకు, బస్టాండుకు, ఆటోలకు అందుబాటులో ఉంటుంది కనుక ఊళ్లో ఉండడమే మంచిదని మా అభిప్రాయం.

మంగినపూడి తీరానికి తెల్లవారుజామున వెళ్లడమే సరైన పద్ధతి. ఆటో మాట్లాడుకునేటప్పుడు రాకపోకలకు, అక్కడ ఆగే సమయానికి కలిపి ఒకే మొత్తం ముందే తేల్చుకోవాలి. ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు ఆ వేళకు మరో బండి దొరకడం కష్టం. దారిలో పోర్టు పనుల లారీలు తిరుగుతుంటాయి కనుక స్కూటరు మీద వెళ్లేవారు జాగ్రత్త పడాలి. ఇక్కడి తీరం గోవాలాగానో విశాఖలాగానో ఉండదు. నేలలో నల్లమట్టి పాలు ఎక్కువ, నీళ్లు కూడా కొంచెం బురద రంగులో కనిపిస్తాయి, మొదటిసారి చూసినవారికి నిరుత్సాహం కలగవచ్చు. కాని లోతు నెమ్మదిగా పెరుగుతుంది, అల విరిగి మోకాళ్ల దాకా మెత్తగా వస్తుంది. ఈత రాని నేను కూడా భయం లేకుండా చాలాసేపు నీళ్లలో నిలబడ్డాను. స్నానం తరువాత ఒళ్లు కడుక్కోవడానికి వెంట ఒక క్యాను మంచినీళ్లు తీసుకెళితే సుఖం. కార్తీక పౌర్ణమికి ఇక్కడ సముద్రస్నానాలకు జనం పోటెత్తుతారు, ప్రశాంతత కోరుకునే జంటలు ఆ రోజుల్లో రాకపోవడమే మంచిది. లైట్‌హౌస్ వైపు కొంతదూరం నడిచి, ఎండ ముదరకముందే ఊళ్లోకి వచ్చేశాము.

ఈ యాత్రలో మాకు అన్నిటికంటె ఎక్కువ దక్కినది పెడనలో గడిపిన పూట. బందరు నుంచి గుడివాడ వైపు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ చిన్న పట్టణానికి బస్సూ ఉంది, ఆటోలూ ఉన్నాయి. కలంకారీ బట్టల మీద బొమ్మలను శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. మేము వెళ్లిన షెడ్డులో గోనెపట్టాలు పరిచి మెత్తగా చేసిన పొడవాటి బల్ల మీద గుడ్డ పరచి ఉంది. అప్పటికే దాన్ని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టారు, దగ్గరకు వెళితే ఇంకా పాలవాసన వస్తోంది. అద్దేవాయన రంగు తొట్టిలోని మెత్త మీద అచ్చును రెండుసార్లు తట్టి, గుడ్డ మీద పెట్టి, పిడికిలి పక్కభాగంతో ఒక్క దెబ్బ వేస్తాడు. అచ్చు లేపగానే నల్లని తీగ, దానికి ఆకులు. తరువాతి అచ్చు ఆ తీగ చివర సరిగ్గా కలిసే చోటనే పడుతుంది. కొలతబద్ద ఏదీ లేదు, చూపే కొలత. ఆ నలుపు బెల్లం నీళ్లలో ఇనుప తుక్కు ఊరబెట్టి తీసినది. ఎరుపు రావలసిన చోట మాత్రం పటిక ద్రావణం అద్దుతారు, అప్పటికి అది సరిగా కంటికి ఆనదు. కాలవలో ఉతికి, మంజిష్ఠ వంటి దినుసులతో రాగి డేగిశాలో ఉడికించినప్పుడు పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలి వస్తుంది. “ఇప్పుడు కనపడదమ్మా, ఉడికాక చూడాలి మీరు” అని ఆయన చెప్పి, పక్కన ఆరేసిన మరో గుడ్డ తెచ్చి చూపించాడు.

కొనేవారికి ఒక హెచ్చరిక. ఇదే నమూనాలను రసాయన రంగులతో స్క్రీన్ ప్రింటింగ్ చేసిన బట్టలు కూడా పెడనలోనే చాలా తయారవుతాయి. అవి చవక, రంగులు మరీ కొట్టొచ్చినట్టు ఉంటాయి, గీతలు ఎక్కడా తేడా లేకుండా ఒకేలా వస్తాయి. వాటిని కొనడంలో తప్పులేదు, కాని సహజ రంగుల అద్దకం ధర పెట్టి వాటిని తెచ్చుకోకూడదు. “ఇది అచ్చుపనా, స్క్రీనా” అని నేరుగా అడిగితే, మేము వెళ్లిన చోట దాపరికం లేకుండా చెప్పారు. అచ్చులు కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తే అది చేతిపని అని నమ్మవచ్చు. ఇన్ని రోజుల పని, ఇన్నిసార్ల ఉతుకుడు చూసిన తరువాత ఆ చీర ధరకు బేరమాడాలని నాకు అనిపించలేదు.

ఇదంతా చూశాక ఊళ్లోని డచ్చివారి శ్మశానవాటిక మాకు కొత్తగా అర్థమైంది. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో ఈ రేవులో స్థావరాలు పెట్టింది ముఖ్యంగా ఈ అద్దకపు బట్టల కోసమే. గోల్కొండ రాజ్యానికి అప్పట్లో ఇది ప్రధానమైన రేవు. సమాధుల మీది రాతిపలకలపై చెక్కిన అక్షరాలు, వంశచిహ్నాలు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు ఇది, అరగంట చాలు. బందరుకోట వైపు వెళ్లినప్పుడు మావారు 1864 తుపాను సంగతి చెప్పారు. ఆ నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి దాదాపు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. అంత పెద్ద రేవు తరువాత ఎందుకు చిన్నబోయిందో ఆ పాత గోడల మధ్య నిలబడితే తెలుస్తుంది.

చిలకలపూడి పాండురంగస్వామి ఆలయాన్ని సాయంత్రం చూశాము. 1929లో భక్త నరసింహంగారు నిర్మించిన ఈ గుడి ఆవరణ విశాలంగా, శుభ్రంగా ఉంది, మామూలు రోజు కావడంతో దర్శనం తోపులాట లేకుండా జరిగింది. ఆ పేటకు పేరు తెచ్చిన రోల్డ్‌గోల్డ్ నగల దుకాణాలు కూడా చూడదగినవి.

భోజనం విషయంలో ఊరు మమ్మల్ని నిరాశపరచలేదు. గిలకలదిండి హార్బరు దగ్గరే కనుక చేపలు తాజాగా వస్తాయి. ఒక మెస్సులో తిన్న రొయ్యల ఇగురు, చేపల పులుసు ఇంటి వంటలాగా ఉన్నాయి, పులుసులో నూనె తేలకుండా, చింతపండు పులుపు మితంగా. పెద్ద బోర్డుల హోటళ్ల కంటె మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నిండిపోయే ఇలాంటి మెస్సులే నమ్మదగినవి. లడ్డు విషయానికి వస్తే, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డును తొక్కుడు లడ్డు అంటారు. శనగపిండి పూసను వేయించి, దంచి, జల్లించి, పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్లీ తొక్కుతారు. అందుకే నోట్లో పెట్టుకుంటే పలుకు తగలదు. బెల్లంతో చేసినది, అదీ ఆ రోజు చేసినది అడిగి తీసుకోవాలి. ముందే కట్టి పెట్టిన అట్టపెట్టెల కంటె మన కళ్లముందు తూచి ఇచ్చేది మంచిది. నల్లహల్వా కూడా తెచ్చుకున్నాము గాని, మా ఇంట్లో లడ్డుకే ఓటు.

తిరుగు ప్రయాణం పగటిపూట పెట్టుకొని, ఆర్టీసీ నాన్‌స్టాప్‌లో విజయవాడ, అక్కడి నుంచి రిజర్వేషన్ చేసుకున్న మరో ఆర్టీసీ బస్సులో హైదరాబాదు చేరాము. రెండూ వేళకు బయలుదేరాయి, సీట్లు సౌకర్యంగా ఉన్నాయి. పామర్రులో దిగి కూచిపూడి గ్రామం చూసి రావాలనుకునేవారు ఉదయం తొలి బస్సులకే బయలుదేరి, విజయవాడ నుంచి ఎక్కే బస్సుకు సాయంత్రం టికెట్టు తీసుకోవాలి. శని, ఆదివారాల్లోనూ సంక్రాంతి వారంలోనూ హైదరాబాదు బస్సులు ముందే నిండిపోతాయి కనుక, రానుపోను టికెట్లు ఒకేసారి తీసుకున్నాకే లాడ్జికి ఫోను చేయడం మంచిది.