హనుమకొండలో ఉద్యోగినుల నాయకత్వ శిక్షణ: ఏది నేర్పారు, ఏది దాటవేశారు

హనుమకొండలో ఒక శిక్షణ సంస్థ ఉద్యోగాలు చేసే మహిళల కోసం వారాంతాల్లో నిర్వహిస్తున్న నాయకత్వ తరగతులకు ఇటీవల హాజరయ్యాను. నక్కలగుట్టలో ఒక హోటల్ సమావేశ మందిరంలో తరగతులు జరిగాయి. భోజనంతో కలిపి 5,500 రూపాయల ఫీజు. పాఠాల్లో ఎక్కువ భాగం అమెరికాలో శ్వేతేతర మహిళా ఉద్యోగుల కోసం రూపొందిన సామగ్రి నుంచి తీసుకున్నదే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పని ఎవరికి ఇస్తారు, పదోన్నతి ఎలా వస్తుంది అన్న విషయాల మీద నడిచిన తరగతులు కట్టిన ఫీజుకు మించిన విలువ గలవి. మహిళ ఎలా కనిపించాలి, ఎలా మాట్లాడాలి అన్న తరగతులు లేకున్నా ఏ నష్టమూ లేదు. అసలు చర్చించవలసిన కులం ప్రశ్న మా మధ్యకే వచ్చినప్పుడు మాత్రం శిక్షకురాలు దాన్ని పక్కకు నెట్టేశారు.

నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సింగ్ ఇన్‌ఛార్జిని. మా వార్డుల్లో కేరళ నుంచి వచ్చిన సిస్టర్లు, ములుగు, మహబూబాబాద్ తండాల అమ్మాయిలు, నగరంలోని ముస్లిం కుటుంబాల వారు కలిసి పనిచేస్తారు. డ్యూటీ లిస్టు వేసేది నేనే కాబట్టి, ఎవరు పైకి వెళ్తారో ఎవరు ఉన్నచోటే ఉండిపోతారో చాలావరకు ఆ కాగితం మీదే తేలిపోతుందని నాకు తెలుసు. ఈ శిక్షణను ఆ దృష్టితోనే చూశాను.

మొదటి రోజు చెప్పిన విషయం ‘తొలి మెట్టు’ గురించి. మెకిన్సే అనే సలహా సంస్థ, ఉద్యోగినుల కోసం పనిచేసే లీన్‌ఇన్ సంస్థ కలిసి 2015 నుంచి అమెరికా కంపెనీల పరిస్థితిపై ఏటా నివేదిక వెలువరిస్తున్నాయి. 2023 నివేదిక ప్రకారం, కింది స్థాయి నుంచి మేనేజరు స్థాయికి 100 మంది పురుషులు పదోన్నతి పొందితే మహిళలు 87 మంది, శ్వేతేతర మహిళలు 73 మంది మాత్రమే ఆ మెట్టు ఎక్కారు. అత్యున్నత పదవులకు వచ్చేసరికి 16 మందిలో ఒక్కరే శ్వేతేతర మహిళ. పై అంతస్తులో మహిళలు ఎందుకు లేరని అందరూ అడుగుతారు కానీ, లోటు మొదలయ్యేది మొట్టమొదటి పదోన్నతి దగ్గరేనని శిక్షకురాలు ఈ అంకెలతో స్పష్టంగా చూపించారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆవిడ కొన్నేళ్లు అమెరికాలో పనిచేశారు. విషయం మీద పట్టు ఉన్న మనిషి.

ఆ తర్వాత ఆవిడ చేయించిన అభ్యాసమే మొత్తం శిక్షణలో నాకు బాగా నచ్చినది. ప్రతి ఒక్కరికీ ఒక తెల్ల కాగితం ఇచ్చి నిలువునా గీత గీయమన్నారు. గడిచిన ఏడాదిలో చేసిన పనుల్లో ఎవరూ గుర్తుపెట్టుకోని వాటిని ఎడమవైపు, పై అధికారుల దృష్టికి వెళ్లిన వాటిని కుడివైపు రాయమన్నారు. నా పక్కన మడికొండ ఐటీ పార్కులో పనిచేసే ఒక లంబాడా యువతి కూర్చుంది. ఆమె కాగితంలో ఎడమవైపు అంచుదాకా నిండిపోయింది: మీటింగ్ నోట్సు రాయడం, కొత్తగా చేరినవారికి పని నేర్పడం, పుట్టినరోజులకు డబ్బులు వసూలు చేసి కేకు తెప్పించడం, వేరేవాళ్ల కోడ్‌లో తప్పులు సరిదిద్దడం. కుడివైపు ఒక్కటే వాక్యం ఉంది: ‘క్లయింట్‌తో కాల్, సార్ సెలవులో ఉన్న రోజు.’ ఆ కాగితాన్ని ఆమె చాలాసేపు చూసుకుంది, తర్వాత ఫోనుతో ఫొటో తీసుకుంది. ఆఫీసును నిలబెట్టేది ఎడమవైపు పని, మనిషిని పైకి తీసుకెళ్లేది కుడివైపు పని అని శిక్షకురాలు చెప్పారు. మొదటి రకం పని మహిళలకు, వారిలోనూ వెనుకబడిన వర్గాల నుంచి వచ్చినవారికి ఎక్కువగా పడుతుందని, దాన్ని కాదనడం కంటే వంతులవారీగా అందరికీ పంచమని అడగడం మేలని వివరించారు. ఇది అక్షరాలా నిజం. ఆస్పత్రిలో ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, బయటి శిక్షణలు కుడివైపు పనులైతే, వరుస నైట్ డ్యూటీలు, స్టాకు రిజిస్టర్లు ఎడమవైపువి.

సలహా ఇచ్చే పెద్దకు, మనం లేనిచోట మన పేరు ఎత్తే పెద్దకు తేడా ఉందని చెప్పిన పాఠం కూడా బాగుంది. దానికి ఉర్సులా బర్న్స్ ఉదాహరణ ఇచ్చారు. 1980లో అమెరికాలోని జిరాక్స్ కంపెనీలో ఇంటర్న్‌గా చేరిన ఆ నల్లజాతి ఇంజినీరు, ఒక సమావేశంలో సీనియర్ అధికారితో గట్టిగా విభేదించింది. తర్వాత ఆ అధికారే ఆమెను తన సహాయకురాలిగా తీసుకున్నాడు. ఆ స్థానం నుంచి కంపెనీ మొత్తం ఎలా నడుస్తుందో దగ్గరగా చూసిన ఆమె 2009లో సీఈఓ అయింది. ఫార్చ్యూన్ 500 జాబితాలోని, అంటే అమెరికాలోని 500 అతిపెద్ద కంపెనీల్లో ఒకదానికి అధిపతి అయిన తొలి నల్లజాతి మహిళ ఆమే. ఆమెకు ప్రతిభ మొదటి నుంచీ ఉంది. ఆ ప్రతిభ కనిపించే చోటికి ఆమెను పిలిచినవారు ఉండటం వల్ల కథ మలుపు తిరిగింది. మన దగ్గర నోరు విప్పిన ఆడమనిషికి ‘నోరు ఎక్కువ’ అన్న పేరే ముందు వస్తుంది కనుక, ఈ ఉదాహరణ మహిళల కంటే వారి పై అధికారులు వినవలసినది.

ఒబామా కాలంలో వైట్‌హౌస్‌లోని మహిళా సిబ్బంది పాటించిన ఒక పద్ధతిని కూడా మాచేత సాధన చేయించారు. సమావేశంలో ఒక మహిళ మంచి మాట చెబితే, మరొక మహిళ ఆమె పేరు పెట్టి అదే మాటను మళ్లీ చెప్పాలి. అప్పుడు ఆ ఆలోచన ఎవరిదో అందరికీ తెలుస్తుంది, దాన్ని మరొకరు తమదిగా చెప్పుకునే వీలుండదు. గీసుకొండ టెక్స్‌టైల్ పార్కులో లైన్ సూపర్‌వైజరుగా ఉన్న ఒక అక్క దీన్ని వెంటనే అందుకుంది. “కటింగ్ సెక్షన్ చెల్లె చెప్పింది సార్, గదే నేను మళ్ల చెప్తున్న, బండిల్‌కు నంబరు ముందే వేస్తే కలగలుపు కాదు” అని ఆమె అంటే గది అంతా చప్పట్లు కొట్టింది.

రెండో వారం సగం పూట వేషధారణ, గొంతు, ఉచ్చారణలకు పోయింది. బ్లేజర్ వేసుకోవాలని, ఇంగ్లిషులో మొదలుపెట్టాలని, యాసను ‘సర్దుకోవాలని’ వేరొక శిక్షకుడు చెప్పారు. అమెరికాలో నల్లజాతి మహిళలు తమ సహజమైన జుట్టుతో ఉద్యోగానికి వెళ్తే వివక్ష ఎదురవుతోందని, అందుకే 2019లో కాలిఫోర్నియా ‘క్రౌన్ యాక్ట్’ పేరుతో దానిని నిషేధిస్తూ చట్టం తెచ్చిందని అంతకు ముందు వారమే ఇదే గదిలో విన్నాం. అక్కడి మహిళ జుట్టు మార్చుకోనక్కరలేదని చెప్పి, ఇక్కడి మహిళ మాట మార్చుకోవాలనడం ఎలా పొసుగుతుందో నాకు అర్థం కాలేదు. పైన చెప్పిన సూపర్‌వైజరు తన యాసలోనే తన లైనును చక్కగా నడుపుతోంది. ఇంగ్లిషు అవసరమే, నేర్చుకోవలసిందే. కానీ అది ఒక నైపుణ్యం మాత్రమే. దాన్ని నాయకత్వానికి కొలతగా పెడితే తొలి మెట్టు దగ్గర వడపోత ఇంకా పెరుగుతుంది.

ఒకే మనిషి మీద జాతి వివక్ష, లింగ వివక్ష కలిసి పడితే వాటిని విడివిడిగా చూడకూడదన్న అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా ఆలోచనను పరిచయం చేసిన తరగతి దగ్గర నా అసంతృప్తి మొదలవుతుంది. 1989లో రాసిన వ్యాసంలో ఆమె జనరల్ మోటార్స్ మీద నల్లజాతి మహిళలు వేసిన కేసును చర్చించింది. ఆ కంపెనీ మహిళలకు ఉద్యోగాలిచ్చింది, కానీ వారు శ్వేతజాతి మహిళలు. నల్లజాతివారికీ ఇచ్చింది, కానీ వారు పురుషులు. రెండు వివక్షలనూ కలిపి చూడటానికి 1976లో కోర్టు ఒప్పుకోలేదు. ఇది వినగానే మహబూబాబాద్ వైపు ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేసే దళిత ఉపాధ్యాయురాలు లేచి, తమ దగ్గర మహిళలకు బాధ్యత ఇవ్వాలంటే ఒక రకం ఇళ్ల మహిళలే గుర్తొస్తారని, ఎస్సీలకు ఇవ్వాలంటే మగవారే గుర్తొస్తారని చెప్పింది. అంతకంటే మంచి ఉదాహరణ ఆ గదిలో ఎవరూ ఇవ్వలేరు. కానీ శిక్షకురాలు “ఇక్కడ మనమంతా ఆడవాళ్లమే, అవన్నీ పక్కన పెడదాం” అని తర్వాతి స్లయిడ్‌కు వెళ్లిపోయారు.

పక్కన పెట్టడానికి వీల్లేని విషయమది. పదోన్నతుల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ కల్పించే వీలు 1995లో రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చింది, అది ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం. ప్రైవేటు ఆస్పత్రి, పాఠశాల, ఐటీ కార్యాలయాల్లో ఆ రక్షణ లేదు. అక్కడ పై అధికారి విచక్షణే అంతా, కాబట్టి ఆ విచక్షణ ఎలా పనిచేస్తుందో ఇలాంటి శిక్షణలోనే మాట్లాడాలి. ఇంకో మాట. వరంగల్ నుంచి అమెరికా వెళ్లిన మన అమ్మాయిలు ఏ కులం వారైనా, అక్కడ అడుగుపెట్టగానే శ్వేతేతర మహిళలే. ఇక్కడ ఏ అడ్డూ ఎదురవని ఇంటి అమ్మాయికి, సమావేశంలో తన మాట గాలికి పోవడం అంటే ఏమిటో అక్కడ మొదటిసారి తెలియవచ్చు. ఇక్కడి కులం కూడా అక్కడికి వెళ్లింది కనుకనే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర పాలక మండలి కుల వివక్షను నిషేధించింది. జాతి గురించి అంత బాగా చెప్పినవారు ఈ రెండింటినీ కలిపి చెప్పగలరు. చెప్పకపోవడం ఈ కార్యక్రమంలోని పెద్ద లోపం.

ఉదాహరణల ఎంపికలోనూ ఇదే లోపం కనబడింది. 2006లో పెప్సికో సీఈఓ అయిన ఇంద్రా నూయీ గురించి చాలాసేపు చెప్పారు. గౌరవించదగిన జీవితమే. అయితే పక్క జిల్లా ములుగు నుంచి, కోయ కుటుంబంలో పుట్టి, అజ్ఞాత జీవితం విడిచి, న్యాయవాదిగా, ఎమ్మెల్యేగా ఎదిగి 2023 డిసెంబరులో మంత్రి అయిన సీతక్క పేరు ఒక్కసారి కూడా వినిపించలేదు. మన మహిళా పొదుపు సంఘాల మండల సమాఖ్యలను కూడా ఎవరూ తలవలేదు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలతో సంఘాలను నడుపుతూ, బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని రుణం మాట్లాడే దళిత, ఆదివాసీ మహిళలు ఈ జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. వారిలో ఒకరిని పిలిచి ఒక గంట మాట్లాడిస్తే బ్లేజర్ పాఠం కంటే ఎంతో ఉపయోగపడేది.

చివరి రోజు ఒక మహిళా న్యాయవాది 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం మీద తీసుకున్న తరగతి సూటిగా, పనికొచ్చేలా ఉంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి. దానికి అధ్యక్షత వహించేది పై స్థాయి మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటి సభ్యులు. పది మంది కంటే తక్కువ ఉన్నచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణముంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. ఇవి చాలామందికి కొత్త విషయాలు. ఆ కమిటీలో సభ్యురాలిగా ఉండటమే ఒక నాయకత్వ బాధ్యత అని, అది పేరుకే ఉందా, నిజంగా కూర్చుంటోందా అని అడిగే హక్కు ప్రతి ఉద్యోగినికీ ఉందని ఆవిడ చెప్పిన తీరు బాగుంది.

ఏర్పాట్ల సంగతి కొద్దిగా. భోజనం బాగుంది, సమయం పాటించారు. ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి, తెలుగులో కూడా ఇవ్వాలి. చంటిబిడ్డతో వచ్చిన ఒక తల్లికి కూర్చోవడానికి విడి గది లేక వరండాలోనే ఉండిపోవలసి వచ్చింది. మహిళల కోసం పెట్టిన కార్యక్రమంలో ఇది సరిదిద్దవలసిన లోటు.

ఒకటి రెండేళ్ల అనుభవం ఉండి మొదటి పదోన్నతి కోసం ఎదురుచూస్తున్న నర్సులు, ఇంజినీర్లు, బ్యాంకు సిబ్బంది, సూపర్‌వైజర్లు తప్పక వెళ్లవచ్చు. మొదటి వారం, చివరి రోజు అస్సలు వదులుకోవద్దు. పై అధికారుల కోసం ఒక పూట తరగతి విడిగా పెట్టే ఆలోచన ఉందని నిర్వాహకులు చెప్పారు. అది మొదలైతే ఈ శిక్షణ విలువ రెట్టింపవుతుంది, ఎందుకంటే రెండు వరుసల కాగితం గీసి చూసుకోవలసిన అవసరం డ్యూటీ లిస్టు వేసేవారికే ఎక్కువ. మా ఆస్పత్రి నుంచి ఇద్దరు సిస్టర్లను తర్వాతి బ్యాచ్‌కు పంపాలని, ఫీజు ఆస్పత్రే కట్టి ఆ రోజులను డ్యూటీ కిందే లెక్కించాలని యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇచ్చాను.